భితర్‌కనికా వెళ్తున్నారా? రైలు టికెట్ల కంటే ముందు పోటు, పాటు చూసుకోండి

ఒడిశాలోని భితర్‌కనికా నేషనల్ పార్కుకి వెళ్దామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ముఖ్యంగా విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కేవాళ్ల కోసం. అసలు మాట ముందే చెప్పేస్తా. పార్కు లోపల డాంగమాల్ అనే చోట ఫారెస్టు వాళ్ల నేచర్ క్యాంపులో బస, అక్కడి నుంచి క్రీకుల్లో, అంటే అడవి మధ్య కాలువల్లో బోటు ప్రయాణం, ఈ రెండూ కలిపితే మన తూర్పు తీరంలో ఇంటిల్లిపాదీ వెళ్లదగ్గ ఇంత మంచి అడవి ట్రిప్పు నేనింకోటి చూడలేదు. కాకపోతే ఒక షరతు. లోపల రాత్రి ఉండాలి, వెళ్లే తేదీ సముద్రాన్ని చూసి పెట్టుకోవాలి. ఈ రెండూ వదిలేసి, ఆదివారం ఖాళీ ఉంది కదా అని పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే నీళ్లూ, చెట్లూ చూసి వస్తారు, అంతే. మా కాలనీలో ఒక కుటుంబం అలాగే ఏదో ప్రైవేటు ప్యాకేజీలో వెళ్లొచ్చి "అంత దూరం పోయి ఏం చూశామండీ" అని నిట్టూర్చారు. అడిగితే తేలిందేంటంటే, వాళ్లని సరిగ్గా నిండు పోటు మీద తిప్పి తీసుకొచ్చేశారు. పోటు అంటే సముద్రపు నీళ్లు ఎక్కడం, పాటు అంటే దిగడం.

ఇది ఎలాంటి చోటో కొంచెం చెప్పాలి. బ్రాహ్మణి, బైతరణి నదులు సముద్రంలో కలిసే చోట కేంద్రాపడా జిల్లాలో ఉన్న మడ అడవి ఇది. సుందర్‌బన్స్ తర్వాత దేశంలో చెప్పుకోదగ్గ పెద్ద మడ అడవుల్లో ఒకటి. 1975లో 672 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 1998లో అందులో 145 చదరపు కిలోమీటర్ల నడిమి భాగాన్ని నేషనల్ పార్కు చేశారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అన్నిటికంటే ముఖ్యం ఇక్కడి ఉప్పునీటి మొసళ్లు. 1975లో బస్టార్డ్ అనే ఎఫ్ఏవో (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) నిపుణుడి సలహాతో డాంగమాల్‌లో గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి కాలువల్లో వదలడం మొదలుపెట్టారు. అప్పటికి ఇక్కడ పెద్దవీ చిన్నవీ అన్నీ కలిపి వందకు లోపే మిగిలాయి. ఇప్పుడు లెక్క 1,800 దాటింది. అడవి జంతువుల విషయంలో మనం ఎప్పుడూ తగ్గిపోయిన వార్తలే వింటుంటాం, అందుకే ఈ లెక్క విన్నప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

ఇక పోటు పాటు సంగతి. ఇది బాగా అర్థం చేసుకుంటే మీ ట్రిప్పు సగం గట్టెక్కినట్టే. మొసలికి తన ఒంటి వేడి తాను పుట్టించుకునే శక్తి లేదు. చలికాలంలో రాత్రంతా నీళ్లలో ఉండి, ఎండెక్కాక గట్టుమీదికి వచ్చి ఒళ్లు కాచుకుంటుంది. పాటు సమయంలో నీళ్లు దిగిపోయి కాలువకి రెండు పక్కలా బురద మెరకలు బయటపడతాయి, మొసళ్లు వచ్చి పడుకునేది ఆ బురద మీదే. నిండు పోటులో ఆ మెరకలన్నీ మునిగిపోయి నీళ్లు చెట్ల మొదళ్లకు తగులుతుంటాయి. పడుకోడానికి జాగా ఉండదు కాబట్టి మీకు కనబడడానికీ ఏమీ ఉండదు. అలాగని పూర్తిగా పాటు మీద వెళ్తే సరిపోతుందా అంటే అదీ కాదు, మరీ నీళ్లు దిగిపోతే సన్న కాలువల్లోకి బోటు పోదు, పోయినా అడుగు బురదకి ఆనుకుంటుంది. నీళ్లు దిగుతున్నప్పుడు బయల్దేరి, పెద్ద కాలువల్లో మొసళ్లని చూసుకుని, మళ్లీ పోటెక్కడం మొదలయ్యాక సన్న కాలువల్లోకి వెళ్లడం సరైన పద్ధతి. మా సరంగు, అంటే బోటు నడిపే అతను, చేసింది అదే.

రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకీ ఆ సమయం సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అంటే వారం తిరిగేసరికి ఇంచుమించు తారుమారు అవుతుంది. ఈ శనివారం ఉదయం పదింటికి నిండు పోటు ఉందనుకోండి, వచ్చే శనివారం అదే పదింటికి అటూ ఇటూగా పాటు ఉంటుంది. వీకెండ్లలోనే కదిలే ఉద్యోగస్తులు ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, ఒక వారం కాకపోతే ఇంకో వారం మనకు అనుకూలమే. ధామ్రా దగ్గర టైడ్ టైములు నెట్‌లో దొరుకుతాయి, పగటి పూట, అంటే తొమ్మిది నుంచి మూడు లోపల పాటు వచ్చే తేదీలు ఏరుకోండి. ధామ్రా సముద్రం ఒడ్డున ఉంది, లోపలి కాలువల దాకా ఆ నీరు ఎక్కడానికీ దిగడానికీ ఇంకాస్త టైము పడుతుంది, అది కూడా కలుపుకోండి. పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకి ఇంకో మాట. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, ఎక్కువ దిగుతాయి, అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. కానీ తిథి ఒక్కటే చూసి టికెట్ తీయకండి, పాటు ఏ టైముకి పడుతుందన్నదే అసలు లెక్క. మా బావమరిదికి ఈ సంగతి చెబితే ముందు కొట్టిపారేశాడు, "మొసలి చూడ్డానికి ముహూర్తం ఏంటి బావా" అని. బోటు దిగాక అతనే వాళ్ల ఆఫీసు గ్రూపులో ధామ్రా టైములు పెట్టాడు.

వెళ్లడానికి రెండు దార్లు. మనకి తేలికైంది భద్రక్. కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ లాంటి మన మెయిన్ లైను రైళ్లు అక్కడ ఆగుతాయి. భద్రక్ నుంచి చాంద్‌బాలి యాభై కిలోమీటర్ల పైచిలుకు, టాక్సీలు దొరుకుతాయి. చాంద్‌బాలి రేవులో బోటెక్కితే బైతరణి మీదుగా అడవిలోకి ప్రయాణం. రెండోది భువనేశ్వర్‌లో దిగి కటక్, కేంద్రాపడా, రాజ్‌నగర్ మీదుగా కారులో గుప్తి, ఖోలా వైపు వెళ్లడం. పెద్దవాళ్లు ఉంటే, కార్లో కూర్చోగలిగితే ఈ దారి బాగుంటుంది, బోటు ప్రయాణం తగ్గుతుంది. మేం చాంద్‌బాలి దారి పట్టాం, మళ్లీ వెళ్లినా అదే పడతా. ఎందుకంటే నది వెడల్పుగా, ఊళ్లూ పడవలూ వలలూ కనబడుతూ మొదలై, మెల్లగా ఊళ్లు తగ్గి, చెట్లు దగ్గరికొచ్చి అడవిలోకి చేరుకోవడం బోటు మీద వెళ్తేనే తెలుస్తుంది. టాయిలెట్ ఉన్న బోటా కాదా అని మాత్రం డబ్బు కట్టక ముందే అడగండి, ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ ఇది చాలా ముఖ్యం. షేరింగ్ బోట్లు చవక, కానీ మీ ఇష్టం వచ్చిన చోట ఆగవు. ఐదారుగురు ఉంటే విడిగా ఒక బోటు మాట్లాడుకోండి, ఈ ట్రిప్పులో డబ్బు ఎక్కువ పెట్టాల్సిన చోటు ఇదొక్కటే.

బుకింగ్ ఒడిశా ఫారెస్టు శాఖ ఎకో టూర్ వెబ్‌సైట్‌లో అవుతుంది. డాంగమాల్ కాకుండా గుప్తి, హబలిఖటి లాంటి చోట్ల కూడా క్యాంపులు ఉన్నాయి. మొదటిసారి అయితే డాంగమాల్‌కే ఓటు. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు వద్దు. గదులు దొరకవని మాత్రమే కాదు, పిక్నిక్ బోట్ల రద్దీ ఎక్కువ. అందరి ఐడీ కార్డులూ ఒరిజినల్ పట్టుకెళ్లండి, పిల్లల ఆధార్‌తో సహా.

మాతో మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడది ఇచ్ఛాపురం, తెలుగెంత వచ్చో ఒడియా అంతే వచ్చు. బోటు ఎక్కగానే సరంగుతో ఒడియాలో ఊరూ పేరూ కనుక్కున్నారు, అతను ఆవిడని "మావుసీ" (పిన్నీ) అనడం మొదలుపెట్టాడు, ఇంక ఆ తర్వాత మాకు దొరికిన మర్యాదే వేరు. ఒడియా రాకపోయినా ఫర్వాలేదు, హిందీతో పని జరిగిపోతుంది. కానీ సరంగుతో, గైడుతో మాట కలపండి, టైము లేదన్నట్టు తొందరపెట్టకండి. కాలువలో ఏ మలుపు దగ్గర ఏది పడుకుంటుందో వాళ్లకి తెలుసు.

ఒక మలుపు ముందు మా సరంగు ఇంజను ఆపేశాడు. డీజిల్ చప్పుడు ఆగిపోగానే బురదలోంచి చిటపటమని సన్న శబ్దం వినిపించింది. కుర్రాడు ముందుకెళ్లి గెడతో బోటుని మెల్లగా తోశాడు. ఎడమ పక్క మెరక మీద పెద్ద మొసలి, నోరు బార్లా తెరుచుకుని. మా అమ్మాయి భయపడింది, కోపంగా ఉందేమో అని. ఒంట్లో వేడి ఎక్కువైతే అలా నోరు తెరిచి చల్లబరుచుకుంటుందని గైడు చెప్పాడు. దాని వీపు మీద బురద ఎండిపోయి బూడిద రంగుకి తిరిగింది, పొట్ట పక్కన మాత్రం ఇంకా తడిగా నల్లగా ఉంది, అంటే నీళ్లలోంచి వచ్చి ఎంతోసేపు కాలేదన్నమాట. నీళ్ల అంచు నుంచి అది ఉన్న చోటి దాకా పొట్ట ఈడ్చుకుంటూ వచ్చిన వెడల్పాటి గాడి, దానికి రెండు వైపులా కాలి గోళ్ల గుర్తులు. పళ్లు లెక్కపెట్టగలిగేంత దగ్గర. మేం కదలకుండా చూస్తుంటే అదీ కదల్లేదు. తర్వాత వెనక ఇంకో బోటు పాటలు పెట్టుకుని వచ్చింది, అంతే, ఒక్క జారు జారి నీళ్లలోకి వెళ్లిపోయింది. అంత ఒళ్లు నీళ్లలో పడితే పెద్ద చప్పుడు అవుతుందనుకుంటాం కదా, ఏమీ కాలేదు. 2006లో ఇక్కడ 23 అడుగుల మొసలి ఉన్నట్టు గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది, మేం చూసింది అంత కాకపోయినా బోటు అంచు మీద పెట్టిన చేతులు అందరూ వెనక్కి తీసేసుకున్నారు. అవును, అది గట్టిగా చెప్పాలి, చేతులు నీళ్లలో పెట్టకూడదు, పిల్లల్ని అంచు మీద కూర్చోబెట్టకూడదు, సెల్ఫీల కోసం బోటు కొసకి వెళ్లకూడదు. లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పేయకూడదు. పాటలు పెట్టుకునే వాళ్లకి ఒక్కటే విన్నపం, అది ఇంటి దగ్గర వినండి. డబ్బు పెట్టి, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మిగతా వాళ్లకీ అన్యాయం, ఆ జంతువుకీ అన్యాయం.

మొసళ్లే అనుకుని వెళ్లకండి. ఎనిమిది రకాల లకుముకి పిట్టలున్నాయి ఇక్కడ. గోధుమ రంగు రెక్కల లకుముకిని దగ్గరగా చూడాలంటే ఇలాంటి మడ అడవికే రావాలి, ఎర్రటి లావు ముక్కుతో నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీద కూర్చుంటుంది. నీటి ఉడుములు మొసలి పిల్లలా అనిపించేంత పెద్దవి. చుక్కల దుప్పులు, అడవి పందులు క్యాంపు దగ్గరే కనబడతాయి. పాటు మీద బురదలో ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే చిన్న పీతలు, రెక్కల మీద పాకుతూ గెంతే బురద చేపలు, మా పిల్లలు మొసలి కంటే వీటినే ఎక్కువసేపు చూశారు. బగగహన అనే చోట కొంగలు గుంపులుగా గూళ్లు పెట్టేది వానాకాలంలో, అందుకే పక్షుల కోసమే వెళ్లేవాళ్లు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య చూసుకోవాలి. ఆ రోజుల్లో మొసళ్లు ఎండ కాచుకోడానికి అంతగా బయటికి రావు. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే కుదరదు.

డాంగమాల్ క్యాంపు గురించి. రిసార్టు అనుకోకండి. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవి, బాత్రూములో నీళ్లకి లోటు లేదు. టీవీ లేదు, సిగ్నల్ వస్తుంది పోతుంది, నాకు అది నచ్చింది, మా బావమరిదికి నచ్చలేదు. భోజనం అన్నం, డాల్మా, ఒక వేపుడు, చేపల పులుసు. డాల్మా అంటే కూరగాయ ముక్కలేసిన పప్పు, మనవాళ్లకి ఇట్టే నచ్చుతుంది. చేపల పులుసులో ఆవనూనె వాసన తెలుస్తుంది, అలవాటు లేనివాళ్లు ముందే చెప్పుకోండి. కారం మనకి సరిపోదు, ఒక ఆవకాయ సీసా వెంట ఉంచుకుంటే మంచిది. దోమలు విపరీతం, సాయంత్రం ఐదయ్యేసరికి ఓడోమాస్ రాసుకుని నిండు చేతుల బట్టలు వేసుకోవాల్సిందే. చీకటి పడ్డాక నీళ్ల గట్టుకి పోవద్దని క్యాంపు వాళ్లు చెబుతారు, తు.చ. తప్పకుండా పాటించండి.

రాత్రి లోపల ఉండాలని నేను అంతగా ఎందుకు చెప్తున్నానంటే, పొద్దున్నే మొదటి బోటు మనదవుతుంది. బయటి నుంచి వచ్చే బోట్లు చేరేలోపు కాలువలన్నీ మనవే. మంచు ఇంకా నీళ్ల మీదే ఉంటుంది, ఆ టైములో మొసళ్లు తక్కువే గానీ పిట్టలు బాగా కనబడతాయి. తిరిగొచ్చి టిఫిన్ చేసి, ఎండెక్కాక పాటు చూసుకుని మళ్లీ బోటెక్కొచ్చు. పగలు వచ్చి పోయేవాళ్లకి దొరికేది ఒక్క అవకాశం, అది పోటు మీద పడితే అంతే సంగతులు.

క్యాంపు పక్కనే మొసళ్ల పెంపకం కేంద్రం, చిన్న మ్యూజియం ఉన్నాయి. దాదాపు ఇరవై అడుగుల మొసలి అస్థిపంజరం పెట్టారు, పిల్లలకి తప్పక చూపించండి. అడవిలోకి నడక దారి కూడా ఉంది, కనికా రాజులు వేటకి వాడిన మంచె దాకా గైడు తీసుకెళ్తాడు. ఈ నడకలో చూడాల్సింది నేల. మడ చెట్ల చుట్టూ వేళ్లు మట్టిలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. మన కాకినాడ దగ్గర కోరింగలో చెక్క వంతెన మీద నడుస్తూ ఇవి చూసినవాళ్లు ఉంటారు. కోరింగ ఒక పూటలో చూసి రావచ్చు, పిల్లలకి మొదటి పాఠంగా చాలా మంచిది. మడ అడవి కడుపులో పడుకుని లేవడం మాత్రం భితర్‌కనికాలోనే.

కాలం సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తమం. మొసళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మే నుంచి జులై చివరి దాకా పార్కు మూసేస్తారు. ఆడ మొసలి ఆకులూ కొమ్మలూ పోగేసి గుట్టలా గూడు కట్టి, దానికి కాపలా ఉంటుంది, ఆ టైములో మనం పోకపోవడమే మంచిది. జనవరిలో మొసళ్ల లెక్కింపు జరిగే కొద్ది రోజులు కూడా టూరిస్టులని రానివ్వరు, బుక్ చేసేముందు కనుక్కోండి. అక్టోబరులో వెళ్లేవాళ్లు తుపాను వార్తలు చూస్తూ ఉండాలి, 2024 అక్టోబరులో దానా తుపాను తీరం దాటింది సరిగ్గా భితర్‌కనికా, ధామ్రా మధ్యనే. తుపాన్లంటే మన ఉత్తరాంధ్ర వాళ్లకి చెప్పక్కర్లేదు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఈ జిల్లాలో మడ అడవి అడ్డుగా ఉన్న ఊళ్లలో ప్రాణనష్టం తక్కువగా ఉందని పరిశోధకులు లెక్కతీసి చూపించారు. కాలువ గట్టున ఆ చెట్లని చూస్తున్నప్పుడు ఈ విషయం పిల్లలకి చెప్పండి.

అదే సమయంలో, మొసళ్లు పెరగడం ఆ ఊళ్లవాళ్లకి తేలికైన విషయం కాదు. దార్లో నదుల్లో, చెరువుల్లో స్నానాల రేవుల చుట్టూ కంచె కట్టి ఉండడం చూస్తారు. మనుషుల్నీ పశువుల్నీ పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. మనకి టూరిజం, వాళ్లకి రోజూ నీళ్లలోకి దిగే పని. అందుకే అక్కడ గైడునీ, అక్కడ వంట చేసేవాళ్లనీ, అక్కడి బోటునీ పెట్టుకోండి, బేరం మరీ గీసి గీసి ఆడకండి.

తాబేళ్ల కోసం అయితే ఇక్కడికి రావద్దు. గహిర్‌మఠ పక్కనే ఉంది, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెట్టే చోటు, 1997లో సముద్ర అభయారణ్యం చేశారు. కానీ అవి గుడ్లు పెట్టే నాసీ దీవులకి టూరిస్టులని పంపరు, పక్కనే అబ్దుల్ కలాం దీవిలో క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది. తాబేళ్లని చూడాలంటే గంజాం జిల్లాలో రుషికుల్య మనకి ఇంకా దగ్గర, ఫిబ్రవరి, మార్చిలో వార్తలు చూస్తూ ఉండి బయల్దేరాలి, ఏ రోజు వస్తాయో ముందు చెప్పలేం.

వెంట తీసుకెళ్లాల్సినవి: బైనాక్యులర్ కచ్చితంగా, మనిషికొకటి కాకపోయినా ఇద్దరికి ఒకటి. స్టీలు బాటిళ్లు, ఎందుకంటే లోపలికి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ రానివ్వరు. చలికాలంలో పొద్దున బోటు మీద గాలి కోస్తుంది, స్వెట్టరు, చెవులకి మఫ్లరు. క్యాష్, బీపీ షుగరు మందులు సరిపడా, అక్కడ మెడికల్ షాపు వెతుక్కోలేరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి బోటు ఎక్కి దిగడమే ఇబ్బంది, పాటు మీద రేవు మెట్లు ఇంకా కిందికి దిగాల్సొస్తుంది, అవి బురదతో జారుతుంటాయి. మా అత్తగారిని సరంగే చెయ్యి పట్టి దింపాడు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు రెండు మూడు గంటలు బోటులో కుదురుగా కూర్చోలేరు అనుకుంటే ఇంకో ఏడాది ఆగండి.

తిరుగు ప్రయాణం కేంద్రాపడా మీదుగా పెట్టుకుంటే రసబళి తినకుండా రావద్దు. ఛెనాని, అంటే విరిగిన పాల ముద్దని, బిళ్లలుగా చేసి, ఎర్రగా వేయించి, చిక్కటి తీపి పాలల్లో నానబెడతారు, బలదేవ్ గుడి ప్రసాదంగా పేరు, జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. పాలతో చేసింది కాబట్టి విశాఖ దాకా నిలవ ఉండదు, అక్కడే తినేయండి.